కళ – చోటు – న్యాయం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు భాష అధికారాన్ని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ఏదో ఒక చోటును గురించి చెబుతుంది. ఒకరు గద్దెనెక్కారంటారు, మరొకరు గద్దె దిగారంటారు. పదవికి ముప్పు వచ్చినవానికి పీఠం కదిలిందంటారు. సంఘం ఆగ్రహించిన మనిషిని వెలివేశారంటారు. వెలి అంటే బయట. ఊరు అన్న మాట పక్కనే వాడ అన్న మాట పుట్టింది. ఆ రెంటికీ నడుమ నడక పది నిమిషాలైనా ఉండదు, కాని ఆ కొద్దిపాటి దూరమే వందల ఏండ్లు దాటరానిదై నిలిచింది. భాషలో ఇంతగా పాతుకొన్న విషయాన్ని కవులూ గాయకులూ నటులూ గమనించకుండా ఉండడం సాధ్యం కాదు.

కళ ఆనందం కోసమా, ప్రయోజనం కోసమా అన్న పాత వివాదం ఎన్నో సాహిత్య సభలను మింగివేసింది. దాని జోలికి పోకుండా ఒక చిన్న ప్రశ్నను మాత్రం ఈ సభ ముందుంచడం మేలు. ఎవరు లోపల కూర్చోవాలో, ఎవరు బయట నిలబడాలో బలవంతులు నిర్ణయించిన చోట కళాకారుడు ఏమి చేశాడు?

కావేరీ తీరాన తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నందనార్ కథ పరాయిది కాదు. 12వ శతాబ్దంలో శేక్కిళార్ రచించిన ‘పెరియపురాణం’ కీర్తించిన 63 మంది నాయనార్లలో ఆయన ఒకరు. ఆదనూరులో పులైయ కులంలో పుట్టినవాడు. దేవాలయాల్లోని భేరులకు, మద్దెలలకు తోలు సమకూర్చడం, వీణకూ యాళ్‌కూ నరాల తంత్రులు తెచ్చి ఇవ్వడం, పూజకు గోరోచనం అందించడం ఆయన వృత్తి. ఆయన భక్తి మార్గం కూడ అదే. ఇక్కడ క్షణకాలం ఆగి ఆలోచించవలసి ఉన్నది. ఆ తోలు లేనిదే భేరి మ్రోగదు. ఆ నరం లేనిదే వీణ పలుకదు. గుడిలోని నాదమంతా గుడి బయటి చేతుల చలవ. ఆ చేతుల మనిషి మాత్రం గోపురం ఎదుటనే ఆగిపోవలసి వచ్చింది. శేక్కిళార్ దీనిని వాదంగా పెంచలేదు. వస్తువులను ఒకదాని వెంట ఒకటి పేర్కొని ఊరుకొన్నాడు. ఆలోచించగల పాఠకునికి అది చాలు.

వైదీశ్వరన్ కోయిలుకు సమీపాన ఉన్న తిరుప్పున్‌గూరు శివాలయానికి నందనార్ వెళ్లాడు. వీధిలో నిలిచి స్వామిని చూడబోతే నంది విగ్రహం అడ్డుగా ఉన్నది. భక్తుని ఆర్తికి కరిగిన స్వామి నందిని పక్కకు తొలగమన్నాడని కథ. నేటికీ ఆ ఆలయంలో నంది గర్భగుడికి సూటిగా ఉండక ఒక పక్కకు జరిగి ఉంటుంది. యాత్రికులకు అర్చకులు ఆ సంగతిని చూపి చెబుతారు. మాటలతో చెప్పిన కథ మరుగున పడవచ్చునేమో గాని, రాతిని తొలగించి చెప్పిన కథ చూపరుల కంటికి తగులుతూనే ఉంటుంది.

అయితే, జాగ్రత్తగా చూస్తే, అక్కడ తొలగినది నంది మాత్రమే. గడప తొలగలేదు. నందనార్ నిలిచిన చోటు మారలేదు. ఆయన చూపుకు దారి దొరికింది, అంతే. చిదంబరంలోనైతే ఆయన ఆలయ ప్రవేశానికి ముందు అగ్నిప్రవేశం చేయవలసి వచ్చింది. మంటలలో నుండి జటాధారియై, యజ్ఞోపవీతం ధరించిన మునిగా వెలువడి, నటరాజ సన్నిధికి వెళ్లి కనుమరుగయ్యాడు. భక్తికి ఇది పరాకాష్ఠ. న్యాయదృష్టికి మాత్రం ఇక్కడ ఒక వెలితి కనబడుతుంది. తలుపు తెరుచుకొన్నది ఆదనూరు నందునికి కాదు, అగ్నిలో మారిపోయిన మరొక దేహానికి. లోపలికి వెళ్లినవాడు తిరిగి వాడకు రాలేదు. ఆయన వెనుక నిలిచిన వాడవారికి ఆ తలుపు మూసినది మూసినట్లే ఉండిపోయింది.

ఏడు శతాబ్దాల తరువాత గోపాలకృష్ణ భారతి ఈ కథనే హరికథాగానానికి అనువుగా ‘నందనార్ చరిత్రము’గా తమిళంలో రచించాడు. శేక్కిళార్ కావ్యంలో లేని ఒక పాత్రను ఆయన కల్పించాడు. అది నందుని యజమానియైన బ్రాహ్మణ భూస్వామి పాత్ర. చిదంబరం వెళ్లడానికి సెలవు కోరిన నందునితో, నలభై వేలుల భూమి సాగు పూర్తిచేసి అప్పుడు వెళ్లమంటాడు ఆయన. వేలి అంటే ఆ ప్రాంతపు భూమి కొలత. ఒక్క వేలియే ఆరు ఎకరాలకు పైచిలుకు. దైవసహాయంతో ఆ పని ఒక్క రాత్రిలో ముగుస్తుంది. ఈ కల్పనతో కథ స్వరూపమే మారిపోయింది. అంతవరకు అడ్డు గుడి గడప ఒక్కటే. భారతి దానికి పొలం గట్టును కూడ చేర్చాడు. గుడిలోకి రానీయని చేయి, పొలం నుండి కదలనీయని చేయి వేరు వేరు కావని ఏ అర్థశాస్త్ర గ్రంథమూ చదువని ఆ భాగవతుడు గ్రహించడం అబ్బురం కలిగిస్తుంది.

ఆ రచనకు పీఠిక కోరితే, వ్యాకరణ దోషాలున్నాయని నాటి మహావిద్వాంసుడు మీనాక్షిసుందరం పిళ్లై మొదట ఒప్పుకొనలేదు. భారతి పలుమార్లు ఆయన ఇంటికి వెళ్లి అరుగు మీద వేచి ఉండేవాడు. ఒకనాడు అక్కడే కూర్చుండి పాడుకొంటూ ఉంటే లోపల ఉన్న పిళ్లై విని కరిగిపోయి పీఠిక వ్రాసి ఇచ్చాడని ఆయన శిష్యుడు ఉ. వే. స్వామినాథయ్యర్ తెలిపారు. బయట నిలబడినవాని కథ వ్రాసిన కవికి కూడ అరుగు మీద కూర్చుండక తప్పలేదు!

1935లో ఈ కథ చలనచిత్రంగా వచ్చినప్పుడు నందనార్ పాత్రను ధరించినది కె. బి. సుందరాంబాళ్. పేదరికంలో పుట్టి, రైళ్లలో పాడుతూ పెరిగి, నాటకరంగానికి చేరిన గాయని. ఆ పాత్రకు లక్ష రూపాయల పారితోషికం పొందారని ప్రసిద్ధి. భూస్వామి పాత్రలో సంగీత విద్వాంసుడు మహారాజపురం విశ్వనాథయ్యర్ నటించారు. తెర మీదనైనా వారిద్దరూ ఎదురెదురుగా నిలబడడం ఆనాటి సమాజానికి మామూలు విషయం కాదు.

తెర మీద జరిగినది నేల మీద జరగడానికి మరి కొన్ని ఏండ్లు పట్టింది. 1936 నవంబరు 12న తిరువాన్కూరు మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడింది. 1939 జూలై 8న ఎ. వైద్యనాథయ్యర్ నాయకత్వాన కొందరు దళితులు మధుర మీనాక్షి ఆలయంలో అడుగుపెట్టారు. ఆ ఏడాదే మద్రాసు ప్రభుత్వం అందుకు రక్షణగా చట్టం చేసింది. మంటలో దూకకుండానే, జన్మించిన దేహంతోనే మనుష్యులు ఆ ద్వారం దాటారు. ఆ ఊరేగింపులో వాద్యాల ఆర్భాటం లేదు. అయినా నందనార్ కథ విని కంటనీరు పెట్టుకొన్న తరాలు ఆ ద్వారానికి అంతకుముందే కొంత నూనె రాసి ఉంచాయనుకోవడం తప్పు కాదు.

సరిగ్గా ఈ రోజుల్లోనే తెలుగులో ‘గబ్బిలం’ వచ్చింది. గుర్రం జాషువా 1941లో దానిని వెలువరించారు. వినుకొండలో 1895 సెప్టెంబరు 28న పుట్టిన ఆయన తల్లి మాదిగ, తండ్రి యాదవుడు, ఇల్లు క్రైస్తవం. పద్యం వ్రాస్తున్నందుకు ఇటు సవర్ణ సమాజం, పురాణ కథలు వ్రాస్తున్నందుకు అటు క్రైస్తవ సంఘం ఆయనను దూరంగా నిలిపాయి. కొంతకాలం రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు కథ చదివి వినిపించే పని చేశారు. తెరకు పక్కన, చీకటిలో నిలిచి, బొమ్మలకు మాట ఇచ్చే ఉద్యోగమది. తరువాత చాలాకాలం ఉపాధ్యాయుడిగా జీవించారు. బడిపంతులు వృత్తిలో ఉన్నవారందరూ గర్వించవలసిన విషయం.

‘గబ్బిలం’ నిర్మాణానికి మూలం కాళిదాసు ‘మేఘసందేశం’. అక్కడ శాపం వలన ఒక ఏడాది పాటు భార్యకు దూరమైన యక్షుడు మేఘం చేత కబురు పంపుతాడు. ఇక్కడ పుట్టుక వలన జీవితాంతం సంఘానికి దూరమైన ఒక అస్పృశ్యుడు గబ్బిలం చేత కాశీ విశ్వనాథునికి తన గోడు పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? ఇల్లు చొరబడితే అపశకునమని జనులు తరిమివేసే జీవి అది. అయినా గుడిలోని చీకటి కప్పుకు వ్రేలాడడానికి దానికెవ్వరి అనుమతీ అక్కరలేదు. అస్పృశ్యునికి లేని ప్రవేశం ఆ జీవికి ఉన్నది. దూరం నుండి రాయబారం పంపే కావ్యాలు సంస్కృతంలో, తెలుగులో ఎన్నో ఉన్నాయి. హంసలు, చిలుకలు, మేఘాలు, గాలులు దూతలయ్యాయి, అవన్నీ అందమైనవే. గబ్బిలాన్ని దూతగా చేసిన క్షణంలోనే కావ్యం పని సగం ముగిసిపోయింది. గుడి గోడలను గురించి ఇక ఉపన్యాసం చెప్పనక్కరలేదు.

అర్చకుడు దగ్గర లేని సమయం చూసి విన్నవించుకొమ్మని ఆ పేదవాడు గబ్బిలానికి చెప్పే ఘట్టం తెలుగు చదివిన ప్రతివారికీ గుర్తుంటుంది. ఆ జాగ్రత్తలో పరిహాసమూ ఉన్నది, కడుపుకోతా ఉన్నది. దేవునికీ మనిషికీ నడుమ తలుపు ఒక్కటే కాదు, తాళంచెవి పట్టుకొన్నవాడు కూడ ఉన్నాడని ఆ ఒక్క సూచన చెబుతుంది. ఇంకొక్కటి గమనించాలి. శేక్కిళార్ కథలో నంది కదిలింది, భారతి కథలో పొలం రాత్రికి రాత్రి సాగయింది. జాషువా కథలో ఏ అద్భుతమూ జరగదు. గోడ గోడగానే ఉంటుంది. స్వామి దిగిరాడు. పాఠకునికి ఊరట దొరకదు. ఆ ఊరట దొరకకపోవడమే జాషువా గొప్పతనమని చెప్పాలి. అద్భుతం జరిగిన కథ విన్నవాడు చేతులు జోడించి ఇంటికి వెళతాడు. జరగని కథ విన్నవానికి అంత సుఖంగా నిద్ర పట్టదు.

మరి ఆయన ఎంచుకొన్న రూపం? ఛందోబద్ధమైన పద్యం. పద్యం మాది, నీకెందుకన్నవారి ఎదుట ఆ పద్యాన్నే వారికంటె శుభ్రంగా, సుకుమారంగా వ్రాసి చూపారు. పద్యమూ ఒక ఇల్లే, దానికీ ఒక గడప ఉన్నది. ఆ గడపను ఆయన ఎవ్వరినీ అడగకుండా దాటారు. అవధానిగా ప్రసిద్ధులైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఒక నిండు సభలో జాషువా కాలికి తమ చేతులతో గండపెండేరం తొడిగారు. తలుపు బయట నిలబెట్టిన పాదాన్ని, ఆ కాలపు పండితాగ్రేసరుడు వంగి పట్టుకొన్నాడు. చట్టం వ్రాయగలిగిన దానికంటె ఆ దృశ్యం పెద్దదని అనిపిస్తుంది.

గబ్బిలం ఎగరడానికి రెండేండ్ల ముందు, మధురలో ఆలయ ప్రవేశానికి మూడు నెలల ముందు, సముద్రాలకు ఆవల వేరొక గడప దగ్గర వేరొక కళాకారిణి నిలబడి ఉన్నారు. ఆమె పేరు మరియన్ ఆండర్సన్. ఫిలడెల్ఫియా నగరంలో 1897లో పుట్టిన నల్లజాతి గాయని. చర్చిలో పాటతో మొదలుపెట్టి, యూరప్ రాజధానులన్నింటా పేరు గడించి స్వదేశం చేరారు. 1939లో హోవర్డ్ విశ్వవిద్యాలయం ఆమె కచేరీకై వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలును కోరింది. నాలుగు వేల మంది పట్టే ఆ భవనం ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ అనే మహిళా సంఘానిది. తమ వేదికపై తెల్లవారు తప్ప ఇతరులు పాడరాదన్న నిబంధన చూపి వారు నిరాకరించారు. దేశ స్వాతంత్ర్యం కోసం పోరాడినవారి సంతతి స్త్రీలు, రాజ్యాంగం పేరు పెట్టుకొన్న భవనం! తెల్లపిల్లలు చదివే ఒక ఉన్నత పాఠశాల సభామందిరాన్ని అడిగితే నగర విద్యా మండలి సైతం అడ్డుపడింది. పిల్లలకు చదువు చెప్పేవారు అలా చేశారన్నది, పాఠశాల ఉత్సవంలో తలచుకొనడానికి కష్టంగా ఉండే సంగతి.

అధ్యక్షుని సతీమణి ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా చేశారు. నల్లజాతి నాయకుడు వాల్టర్ వైట్ మొదలైనవారి ప్రయత్నం వలన, మంత్రి హెరాల్డ్ ఇకీస్ అనుమతితో లింకన్ స్మారక మందిరం మెట్ల మీద కచేరీ ఏర్పాటయింది. 1939 ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం. చలిగాలిలో 75,000 మంది నిలబడి విన్నారు. తెల్లవారూ నల్లవారూ కలిసి నిలబడ్డారు. రేడియోలో విన్నవారు లక్షలాది.

ఆ మెట్లకు ఒక పూర్వకథ ఉన్నది. బానిసత్వాన్ని రూపుమాపిన లింకన్ స్మారకాన్ని 1922లో ప్రారంభించిన నాడు, నల్లజాతి అతిథులను విడిగా కూర్చుండబెట్టారు. లింకన్ విగ్రహం ఎదుటనే, ఆయన పేరిట జరిగే సభలో! పదిహేడేండ్ల తరువాత అదే మెట్ల మీద నల్లజాతి స్త్రీ నడుమ నిలిచి పాడింది. రాయి మారలేదు, విగ్రహం మారలేదు. ఆమె నిలిచిన తరువాత ఆ చోటు అర్థం మారిపోయింది. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ తన సుప్రసిద్ధ ప్రసంగానికి ఆ మెట్లనే ఎంచుకొన్నారు. ఆనాడు కూడ మరియన్ ఆండర్సన్ అక్కడ పాడారు.

ఆమె స్వభావతః ఆందోళనకారిణి కాదు. ఆర్భాటానికి వెనుకాడే మనిషి. ఆ కచేరీకి ఒప్పుకొనడానికి కూడ సంకోచించినట్లు తరువాత వ్రాసుకొన్నారు. ఆనాడు ప్రసంగం చేయలేదు, ఎవ్వరినీ నిందించలేదు. మొదట దేశభక్తి గీతం పాడుతూ, ‘నేను’ అని ఉన్న చోట ‘మేము’ అని పాడారు. తరువాత ఇటాలియన్ గీతిక, షూబర్ట్ రచన, చివర తన జాతివారి భక్తి గీతాలు. జాషువా పద్యాన్ని పట్టుకొన్నట్లే ఆమె యూరప్ సంగీతాన్ని పట్టుకొన్నారు. ద్వారపాలకులు ఏ విద్యను తమదని చెప్పుకొన్నారో ఆ విద్యలోనే వారికి మాట లేకుండా చేశారు.

ఆమె జీవితంలో దీనికంటె చిన్నదిగా కనబడే మరొక విషయం ఎక్కువ ఆలోచింపజేస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో సంగీత సభలకు నల్లవారు వస్తే వారిని వెనుకకో, పై అంతస్తు మూలకో పంపేవారు. ఆమె ఒక షరతు పెట్టారు. వేరుగా కూర్చుండబెట్టక తప్పదంటే, సభను ముందు వెనుకలుగా కాక ఎడమ కుడులుగా విభజించాలి. అప్పుడు మొదటి వరుసలో కూడ నల్లవారికి కుర్చీలుంటాయి. ఇది అర్ధన్యాయమే. విభజన విభజనగానే ఉన్నది. కఠినంగా మాట్లాడేవారు ఇది రాజీ అని కూడ అనవచ్చు. కాని ఏనాడూ గాయని ముఖం దగ్గరగా చూడని ఒక ముసలి తల్లికి మొదటి వరుసలో చోటు దొరికిన రోజును ఆ మాటతో కొట్టివేయడం తగదు. 1950 ప్రాంతానికి ఆమె మరొక మెట్టు ఎక్కి, వేరుచేసిన సభల్లో అసలు పాడనని ప్రకటించారు. అంతకుముందే, 1943లో, నిరాకరించిన కాన్‌స్టిట్యూషన్ హాలులోనే యుద్ధ సహాయ నిధికై పాడారు. 1955లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో పాడిన తొలి నల్లజాతి గాయని అయ్యేసరికి ఆమెకు 57 ఏండ్లు. కంఠం అప్పటికే తన మంచి కాలాన్ని దాటింది. తలుపు తెరిచారు, కాని ఆలస్యంగా తెరిచారు. ఆ పోయిన ఏండ్లను ఏ సన్మానమూ తిరిగి ఇవ్వలేదు.

భవనం నిరాకరించినప్పుడు ఆరుబయటికి వెళ్లడం ఒక మార్గం. మొదటి నుండి భవనం వద్దనుకొని వీధినే రంగస్థలం చేసుకొనడం మరొక మార్గం. తెలుగునాట 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరి నడుమకు తీసుకువెళ్లింది. షేక్ నాజర్ చేతిలో ఆ తంబుర రాజమందిరాలను అడగలేదు. ఢిల్లీలో ‘జన నాట్య మంచ్’ 1978 నుండి వీధినాటకాలు ఆడింది. వీధినాటకంలో వేదిక ఎత్తు ఉండదు. నటుడు, కూలివాడు ఒకే నేల మీద నిలుస్తారు. చుట్టూ మూగిన జనమే గోడలు.

ఆ బృందంలోని సఫ్దర్ హష్మీ 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్ గ్రామంలో ‘హల్లా బోల్’ నాటకం ఆడుతుండగా దాడికి గురయ్యారు. రాంబహదూర్ అనే కార్మికుడు మరణించాడు. మరునాడు సఫ్దర్ కన్నుమూశారు. ఆయన వయస్సు 34 ఏండ్లు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ, సహనటులు అదే ఊరికి, అదే స్థలానికి వెళ్లి, ఆగిపోయిన నాటకాన్ని పూర్తిగా ఆడారు. వారి రాజకీయాలతో ఏకీభవించనివారు ఈ సభలో ఉండవచ్చు. కాని భర్త నెత్తురు పడి మూడు రోజులైనా కాని నేల మీదికి వెళ్లి, తన పాత్ర మాటలు తప్పకుండా పలికిన ఆ ఇల్లాలి ఎదుట ఎవరి తలైనా వంగవలసిందే. కొట్టినవారు ఆ చోటు తమదన్నారు. ఆమె తిరిగి వెళ్లకపోయి ఉంటే అది వారిదే అయ్యేది.

ఇవన్నీ పెద్దవారి కథలు. పాఠశాలలో వీటికి చోటెక్కడ అని తల్లిదండ్రులు అడుగవచ్చు. ఉన్నది. పిల్లవాడు అధికారాన్ని మొదట నేర్చుకొనేది పౌరశాస్త్ర పుస్తకంలో కాదు, బల్లల వరుసలో. ఏ పాఠశాల వార్షికోత్సవమైనా తలచుకొనండి. రాజు వేషం చందాలిచ్చిన ఇంటి అబ్బాయికి, బంట్రోతు వేషం కాపలాదారు కొడుకుకు అప్రయత్నంగానే దక్కుతూ ఉంటాయి. భారతమాత ఎప్పుడూ తెల్లని పిల్లే. ఒళ్లు నలుపైన పిల్ల ఎంత చక్కగా పద్యం చదివినా శూర్పణఖ దగ్గరే ఆగుతుంది. ఎవరూ ఎవరికీ అన్యాయం చేయాలని కూర్చుండి నిర్ణయించరు. అందుకే అది ఎవరి కంటా పడదు. అటువంటి దానిని కంటికి కనబడేటట్లు చేయడమే శేక్కిళార్, జాషువా చేసిన పని.

ఇంకొక సంగతి తమిళనాట చదివే తెలుగు పిల్లలకు ప్రత్యేకం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత అల్పసంఖ్యాక భాషల పాఠశాలలు పడిన ఆందోళన ఇక్కడ అందరికీ విదితమే. తెలుగు గంటలు తగ్గుతాయని, తెలుగు బడులలో పిల్లల సంఖ్య పలచబడుతుందని పెద్దలు బాధపడ్డారు. ఆ బాధ నిజమైనది. భాషకు కూడ ఒక గది, ఒక బల్ల, ఒక గంట కావాలి. అయినా ఆ బాధలో మరుగున పడిన ఒక లాభమున్నది. శేక్కిళార్‌ను తమిళంలోను, జాషువాను తెలుగులోను ఎవ్వరి సాయమూ లేకుండా చదువుకొనగల పిల్లలు దేశంలో ఎందరున్నారు? నందుడు నిలిచిన వీధినీ, గబ్బిలం వ్రేలాడిన కప్పునూ పక్కపక్కన పెట్టి చూడగల అవకాశం ఈ తరగతి గదులకున్నది. ఆ రెండు పాఠాలనూ ఒకే వారంలో చెప్పడానికి తమిళ, తెలుగు ఉపాధ్యాయులు కలిసి కూర్చుంటే చాలు. అందుకు ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు.

ఈ ఉత్సవాల ముగింపు రోజున పిల్లలు నందనార్ కథను తెలుగులో ప్రదర్శించబోతున్నారు. రంగాలంకరణ విషయమై ఒక ఆలోచన ఉన్నది. గుడి వేదిక మీదనే ఉంటుంది. నందుని వేషం ధరించే పిల్లవాడు మాత్రం వేదిక ఎక్కడు. సభామందిరం చివర, తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట నిలబడతాడు. అక్కడ నుండి స్వామి కనబడాలంటే అడ్డుగా అట్టతో చేసిన నంది ఉండదు. ముందు వరుసల్లో కుర్చీలలో కూర్చుండే అతిథులు, దాతలు, పూర్వ విద్యార్థులే అడ్డుగా ఉంటారు. పక్కకు జరగమని ఆ పిల్లవాడు ఎవ్వరినీ అడగడు. అతని సంభాషణలలో ఆ మాట లేదు. పాట పాడుతూ అక్కడే నిలబడి చూస్తూ ఉంటాడు. కుర్చీలు ఎప్పుడు జరిగితే అప్పుడు తరువాతి అంకం మొదలవుతుంది.